ఆవిరి రైలింజన్ల ఇత్తడి నమూనాలు: నిర్మాణం, చరిత్ర, సేకరణ

ఆవిరి రైలింజను ఇత్తడి నమూనా అంటే అసలు ఇంజను కొలతలన్నిటినీ ఒకే నిష్పత్తిలో తగ్గించి, ఇత్తడి రేకును, తీగను, పోతపోసిన విడిభాగాలను మాటు వేసి అతికి, చాలావరకు చేతితోనే కూర్చిన చిన్న ఇంజను. ఆటబొమ్మ రైలుకూ దీనికీ భేదం కొలతలోనే ఉంది. బొమ్మకు రైలు పోలిక వస్తే చాలు. నమూనాలో మాత్రం బాయిలరు మీది రివెట్ల వరుస, బ్రేకు గొట్టం వంపు, చక్రంలోని ఆకుల సంఖ్య కూడా ఎక్కడో ఒకచోట నిజంగా నడిచిన ఇంజనుతో సరిపోవాలి. అందువల్ల ఇత్తడి నమూనాను వేడుక వస్తువుగానే కాక, తుక్కుగా కరిగిపోయిన ఒక యంత్రానికి మిగిలిన కొలతల పత్రంగా కూడా పరిగణించడం సమంజసం. వీటిని ఎంచి కొని, పోల్చి చూసి, వివరాలు రాసిపెట్టుకొని, చెడిపోకుండా కాపాడే వ్యాసంగానికి జపాన్, అమెరికా, ఐరోపా దేశాలలో దశాబ్దాల చరిత్ర ఉంది; భారతదేశంలో ఇది ఇంకా కొద్దిమందికే పరిమితమై ఉంది.

ఇత్తడినే ఎంచుకోవడానికి కారణాలు

ఇత్తడి రాగి, తుత్తునాగాల మిశ్రమలోహం. తుత్తునాగాన్నే నేడు జింకు అంటున్నారు. ఇనుములా తుప్పు పట్టకపోవడం, పలుచని రేకుగా సాగినా బిగువు కోల్పోకపోవడం, ఆకురాయికి సులువుగా లొంగడం, తగరం కలిసిన మాటును చక్కగా పట్టుకోవడం దీని గుణాలు. వీటికి తోడు దీని బరువు కూడా మేలే చేస్తుంది, ఎందుకంటే పట్టాల మీద నడిచే నమూనాకు చక్రాల కింద పట్టు దొరకాలంటే తగినంత బరువు ఉండాలి. ఆర్థిక కారణం వీటన్నిటికంటె ముఖ్యమైనది. ప్లాస్టిక్ నమూనాకు ఉక్కు అచ్చు తయారు చేయించాలి. ఆ అచ్చు ఖరీదు తిరిగి రావాలంటే నమూనాలు వేల సంఖ్యలో అమ్ముడు పోవాలి. ఇత్తడి పనిలో పెట్టుబడి అచ్చులలో కంటె పనివాని నైపుణ్యంలో ఎక్కువగా ఉంటుంది కనుక ఒక రకం ఇంజనును కొన్ని వందలు, ఒక్కొక్కప్పుడు కొన్ని పదులు మాత్రమే చేసినా గిట్టుబాటవుతుంది. ఏ చిన్న రైల్వే కంపెనీ వద్దనో నాలుగైదు మాత్రమే ఉన్న అరుదైన ఇంజన్లకు సైతం నమూనాలు దొరకడానికి ఇదే కారణం.

నిష్పత్తి, గేజి

నమూనాల విషయంలో తరచు వినిపించే మాటలు రెండు. మొదటిది నిష్పత్తి, అంటే అసలు కొలతను ఎన్నో వంతుకు తగ్గించారన్న లెక్క. రెండవది గేజి, అంటే రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం. అన్నిటికంటె ఎక్కువ వ్యాప్తిలో ఉన్న హెచ్.ఓ. పద్ధతిలో నిష్పత్తి 1:87, గేజి 16.5 మి.మీ.; ఇది అమెరికాలోనూ ఐరోపాలోని చాలా దేశాలలోనూ వాడుకలో ఉన్న 1,435 మి.మీ. ప్రామాణిక గేజికి తగ్గింపు. ఓ పద్ధతిలో గేజి 32 మి.మీ. కాగా నిష్పత్తి బ్రిటన్‌లో 1:43.5గా, ఐరోపా ప్రధాన భూభాగంలో 1:45గా, అమెరికాలో 1:48గా మారుతూ ఉంటుంది. ఎన్ పద్ధతిలో సాధారణ నిష్పత్తి 1:160, గేజి 9 మి.మీ.; ఒకటవ గేజిగా పిలిచే పెద్ద పద్ధతిలో గేజి 45 మి.మీ. అమెరికాలోని యూనియన్ పసిఫిక్ రైల్వే కోసం 1941, 1944 సంవత్సరాల మధ్య 25 మాత్రమే తయారైన ‘బిగ్ బాయ్’ ఇంజను, బొగ్గూ నీరూ మోసే వెనుక బండి అయిన టెండరుతో కలిపి దాదాపు 40 మీటర్ల పొడవు ఉండగా, హెచ్.ఓ. నమూనాలో అది సుమారు 46 సెం.మీ.కు తగ్గుతుంది.

భారతీయ ఇంజన్ల నమూనా చేయబూనిన వారికి ఇక్కడే మొదటి చిక్కు ఎదురవుతుంది. మన బ్రాడ్‌గేజి వెడల్పు 1,676 మి.మీ.; దానిని 87తో భాగిస్తే 19.3 మి.మీ. వస్తుంది. బజారులో దొరికే పట్టాలు 16.5 మి.మీ. గేజివి కనుక, వాటి మీద నడవాలంటే ఇంజను పైభాగం సరైన కొలతలో ఉన్నా చక్రాల మధ్య దూరం దాదాపు 3 మి.మీ. మేర తగ్గవలసి వస్తుంది. కొందరు ఈ లోపాన్ని అంగీకరించి నడిపించుకుంటారు. కొలతే ప్రాణమనుకునేవారు పట్టాలను సైతం సొంతంగా వేసుకుంటారు. మీటరుగేజి విషయంలో ఈ ఇబ్బంది చాలా తక్కువ. 1,000 మి.మీ.ని 87తో భాగిస్తే 11.5 మి.మీ. వస్తుంది, స్విట్జర్లాండ్ మీటరుగేజి రైళ్ల నమూనాల కోసం తయారయ్యే 12 మి.మీ. పట్టాలు దానికి దగ్గరగా సరిపోతాయి.

చరిత్ర

ఆవిరి రైలింజను చరిత్ర నమూనాతోనే మొదలైందని చెప్పవచ్చు. విలియం మర్డాక్ 1784లో తనంతట తాను కదిలే ఆవిరి బండికి చిన్న నమూనా చేశాడు. రిచర్డ్ ట్రెవిథిక్ కూడా 1804లో పట్టాల మీద ఇంజను నడిపించడానికి ముందు నమూనాలతోనే ప్రయోగాలు చేశాడు. 19వ శతాబ్దం మధ్యకాలంలో బర్మింగ్‌హామ్, లండన్ నగరాల పనివారు ఇత్తడి బాయిలరు, సారాయి దీపం అమర్చిన చిన్న ఇంజన్లను అమ్మేవారు. అవి పట్టాలు లేకుండా నేల మీదే పరుగెత్తుతూ దారి పొడవునా నీటిచుక్కలు కార్చేవి. అందుకే వాటికి ఆంగ్లంలో ‘డ్రిబ్లర్లు’, అంటే నీళ్లు కార్చేవి, అన్న పేరు స్థిరపడింది. వీటిలో కొలత కంటె కదలికకే ప్రాధాన్యం. జర్మనీకి చెందిన మార్క్‌లిన్ సంస్థ 1891లో లైప్‌జిగ్ సంతలో అంకెలతో గుర్తించిన గేజిల వరుసను ప్రవేశపెట్టిన తరువాత వేర్వేరు పట్టాలు, బండ్లు ఒకదానితో ఒకటి పొసగడం సాధ్యమైంది. ఇంగ్లండులోని నార్తాంప్టన్‌లో 19వ శతాబ్దం చివర మొదలైన బాసెట్-లోక్ సంస్థ అసలు ఇంజన్ల కొలతలను ఆధారం చేసుకున్న నమూనాలను అమ్మి బొమ్మకూ నమూనాకూ మధ్య గీత గీసింది.

ఇత్తడి నమూనాల అసలైన వైభవ కాలం రెండవ ప్రపంచ యుద్ధానంతరం జపాన్‌లో ఆరంభమైంది. అమెరికా సేనలు జపాన్‌లో ఉన్న 1945–52 కాలంలో, రైళ్ల మీద మక్కువ గల సైనికులు అక్కడి లోహపు పనివారి నేర్పును గమనించారు. టోక్యోలో 1879లో మొదలై గడియారాల, నగల దుకాణంగా ఎదిగిన తెన్షోదో సంస్థ యుద్ధం తరువాత నమూనా రైళ్ల తయారీలోకి దిగి ఈ రంగంలో పెద్ద పేరు సంపాదించింది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన పసిఫిక్ ఫాస్ట్ మెయిల్ వంటి దిగుమతి సంస్థలు అమెరికా ఇంజన్ల చిత్రపటాలను, ఛాయాచిత్రాలను జపాన్‌కు పంపి నమూనాలు చేయించి తమ దేశంలో అమ్మేవి. అసలు ఇంజనును ఒక్కసారైనా కంటితో చూడని పనివారు కాగితం మీది గీతలనే నమ్ముకొని దాని ప్రతిరూపాన్ని నిలబెట్టారన్నది ఈ చరిత్రలో మరువరాని విషయం.

1971 వరకు డాలరుకు 360 యెన్‌లుగా స్థిరంగా ఉన్న మారకపు విలువ ఆ తరువాత మారి యెన్ బలపడింది. జపాన్‌లో కూలి రేట్లూ పెరిగాయి. ఫలితంగా తయారీ క్రమంగా దక్షిణ కొరియాకు తరలింది. అక్కడి సామ్‌హాంగ్‌సా, అజిన్ వంటి సంస్థలు తొలినాళ్లలో జపాన్ పనితనాన్ని అనుసరించినా, 1980ల నాటికి వివరాల సూక్ష్మతలో దానిని మించిన నమూనాలు చేయగలిగాయి. ఐరోపాలో స్విట్జర్లాండ్‌కు చెందిన ఫుల్గురెక్స్, లెమాకో సంస్థలు ఆయా దేశాల ఇంజన్లకు పరిమిత సంఖ్యలో మేలైన నమూనాలు చేయించాయి. 1990ల చివరి నుంచి చైనాలో తయారైన ప్లాస్టిక్, పోత లోహపు నమూనాలు నాణ్యతలో బాగా ఎదిగి, చవకగా దొరకసాగాయి. దానితో పాత జపాన్ ఇత్తడి నమూనాలలో సాధారణమైన వాటి ధరలు తగ్గాయి. అరుదైనవాటికి, పనితనంలో మిన్నయైనవాటికి మాత్రం గిరాకీ నిలిచి ఉంది.

తయారీ విధానం

తయారీలో మొదటి మెట్టు చిత్రపటం. ఇంజను పక్కచూపు, ముందుచూపు, పైచూపులను కొలతల ప్రకారం గీసి, ఏ భాగం రేకుతో చేయాలో, ఏది పోతపోయాలో, ఏది తరిణి పట్టి తీయాలో నిర్ణయిస్తారు. సమతలంగా ఉండే కేబిన్ గోడలు, టెండరు పక్కలు, చట్రం వంటివి రసాయనిక పద్ధతిలో కత్తిరించబడతాయి. ఇత్తడి రేకు మీద కాంతికి స్పందించే పూత పూసి, చిత్రం ఉన్న ఫిల్మును దాని మీద ఉంచి వెలుగు ప్రసరింపజేసి, అక్కరలేని చోట పూతను కడిగివేస్తారు. ఆపైన రేకును ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో ముంచితే పూత లేని చోట లోహం కరిగి, కిటికీల అంచుల వంటి సన్నని ఆకారాలు తేలుతాయి. రివెట్లను రేకు వెనుక నుంచి సన్నని మొనతో కొట్టి ఉబ్బిస్తారు. హెచ్.ఓ. కొలతలో ఒక రివెట్ తల అర మిల్లీమీటరైనా ఉండదు, అంటే ఆవగింజ కంటె చాలా చిన్నది. అటువంటివి ఒక్క టెండరు మీదనే వందల సంఖ్యలో ఉంటాయి.

గంట, గాలిపంపు, ఆవిరి గుమ్మటం వంటి గుండ్రని భాగాలు మైనపు పోత పద్ధతిలో తయారవుతాయి. ముందు మూల రూపాన్ని చేసి దానిచుట్టూ రబ్బరు అచ్చు పోస్తారు. ఆ అచ్చులో కరిగిన మైనం నింపి అనేక మైనపు ప్రతులు తీసి, వాటిని చెట్టు కొమ్మల్లా ఒక మైనపు కడ్డీకి అతికి, చుట్టూ మట్టివంటి ముద్ద పట్టిస్తారు. వేడికి మైనం కరిగి బయటకు పోగా మిగిలిన ఖాళీలోకి ఇత్తడి ద్రవం చేరుతుంది. ఈ పద్ధతి తెలుగు నేలకు కొత్తది కాదు. ఆదిలాబాద్ ప్రాంతపు ఓజా కళాకారులు మట్టి ముద్ద మీద మైనపు తీగలు చుట్టి, పైన మట్టి పూసి, మైనం పోయిన దారిలోనే ఇత్తడి పోసి చేసే డోక్రా బొమ్మల సూత్రమూ ఇదే. ఆ కళకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. భేదమల్లా ఓజాల పనిలో అచ్చు ఒక్కసారికే పగిలిపోయి ప్రతి బొమ్మా ఏకైకం కావడం, నమూనాల పనిలో రబ్బరు అచ్చు వల్ల ఒకే రూపం మళ్లీ మళ్లీ రావడం. అలాగే రివెట్లను రేకు వెనుక నుంచి ఉబ్బించే పని, జనగామ జిల్లా పెంబర్తి పనివారు ఇత్తడి రేకు మీద నగిషీ చెక్కే పనికి దగ్గరి చుట్టం.

విడిభాగాలు సిద్ధమయ్యాక మాటు వేయడం అసలైన పరీక్ష. పెద్ద భాగాలకు ఎక్కువ వేడిలో కరిగే మాటును ముందు వాడి, చిన్నవాటికి తక్కువ వేడిలో కరిగేదానిని తరువాత వాడతారు. ఈ క్రమం తప్పితే కొత్తది అతికేలోపు పాతది ఊడిపోతుంది. మాటు అతుకు వెలుపలికి కారకుండా, లోపలి వైపే నిలిచి ఉండడం మంచి పనివాని గుర్తు.

నడక యంత్రాంగం కూర్పు మరింత సున్నితమైనది. రెండు సిలిండర్ల ఇంజనులో కుడివైపు, ఎడమవైపు కడ్డీలు చక్రాలకు తగిలే బిందువుల మధ్య 90 డిగ్రీల తేడా ఉంటుంది. ఒకవైపు పిస్టను కొసన ఆగినప్పుడు రెండవవైపు పిస్టను బలంగా తోసి ఇంజనును కదిలించడానికి అసలు ఇంజన్లలో ఈ ఏర్పాటు చేశారు. నమూనాలో చక్రాలను తిప్పేది విద్యుత్ మోటారే అయినా ఈ తేడా అన్ని ఇరుసులకూ ఒకేలా ఉండాలి. ఒక్క ఇరుసులో రవ్వంత తప్పినా కడ్డీలు బిగుసుకొని ఇంజను కుంటుతుంది. పాత జపాన్ నమూనాలలో ఇంజను చక్రాలు ఒక పట్టా నుంచి, టెండరు చక్రాలు రెండవ పట్టా నుంచి విద్యుత్తును తీసుకుంటాయి; రెండింటినీ కలిపే లాగుడు కడ్డీ వద్ద దుమ్ము చేరితే బండి ఆగిపోతుంది.

నమూనాలలో రకాలు

సేకరించేవారి వద్ద ప్రధానంగా నాలుగు రకాలు కనిపిస్తాయి. కర్మాగారంలో పూర్తిగా కూర్చి వచ్చేవి మొదటి రకం. విడిభాగాల పెట్టెగా వచ్చి, కొన్నవారే మాటు వేసుకొని కూర్చుకునేవి రెండవ రకం. ఏ పెట్టె సాయమూ లేకుండా చిత్రపటం నుంచి నేరుగా ఒక్క చేతి మీద తయారయ్యేవి మూడవ రకం, బ్రిటన్‌లో జె. ఎస్. బీసన్ చేసిన ఓ గేజి ఇంజన్లు ఈ కోవలో ప్రసిద్ధం. నిజంగానే నీరు కాచి ఆవిరితో నడిచేవి నాలుగవ రకం. జపాన్‌కు చెందిన ఆస్టర్ సంస్థ ఒకటవ గేజిలో వీటిని చేసింది. ఈ చివరి రకంలో బాయిలరును సాధారణంగా రాగితో చేసి, ఎక్కువ వేడిని తట్టుకునే వెండి మాటుతో అతుకుతారు, ఎందుకంటే లోపలి ఒత్తిడికి మామూలు తగరపు మాటు నిలవదు.

భారతీయ ఇంజన్లు, తెలుగు నేల

తయారీ అంతా ఎక్కువగా అమెరికా కొనుగోలుదారుల కోసం సాగినందువల్ల అక్కడి ఇంజన్లకు దక్కిన శ్రద్ధ భారతీయ ఇంజన్లకు దక్కలేదు. తెలంగాణ వరకు చూస్తే, నమూనాకు ఎక్కదగిన ఇంజన్ల కథ నిజాం రైల్వేతో ఆరంభమవుతుంది. వాడి–సికింద్రాబాద్ మార్గం 1874లో మొదలై, వరంగల్, డోర్నకల్ మీదుగా 1889 నాటికి బెజవాడ చేరింది. ఈ విస్తరణకు ముఖ్య ప్రేరణ బొగ్గు. భూవిజ్ఞాన శాఖకు చెందిన విలియం కింగ్ 1871 ప్రాంతంలో ఇల్లెందు వద్ద బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. 1889లో తవ్వకం ఆరంభమైంది. దగ్గరి గ్రామం పేరు మీదుగా ఆ గనులకు సింగరేణి పేరు వచ్చింది. డోర్నకల్ నుంచి కారేపల్లి మీదుగా ఇల్లెందుకూ, తరువాత భద్రాచలం రోడ్ అనే పేరుతో కొత్తగూడెం స్టేషనుకూ సాగిన శాఖా మార్గాలలో బొగ్గును మోసే ఇంజన్లు ఆ బొగ్గుతోనే నడిచాయి.

స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో భారతీయ రైల్వేలు రెండు బ్రాడ్‌గేజి ఇంజన్లను దేశమంతటా ప్రామాణికంగా స్వీకరించాయి. వీటి పేర్లలో డబ్ల్యు. అన్నది బ్రాడ్‌గేజికి, పి. ప్రయాణికుల బండికి, జి. గూడ్సు బండికి గుర్తు. ముందు సారథి చక్రాలు, నడుమ తోలుడు చక్రాలు, వెనుక ఆసరా చక్రాలు ఎన్నో వరుసగా చెప్పే లెక్క ప్రకారం డబ్ల్యు.పి. 4-6-2 ఇంజను, డబ్ల్యు.జి. 2-8-2 ఇంజను. డబ్ల్యు.పి. తొలి ఇంజన్లు 1947లో అమెరికాలోని బాల్డ్‌విన్ కర్మాగారం నుంచి వచ్చాయి. మొత్తం 755 తయారయ్యాయి. గుండ్రటి కోసు ముక్కు, దాని మీద నక్షత్రం చిహ్నం దీని ఆనవాళ్లు. చిత్తరంజన్ కర్మాగారంలో మొదటి ఇంజనుగా 1950లో తయారై ‘దేశబంధు’ పేరు పొందినది డబ్ల్యు.జి.; ఈ తరగతిలో 2,450 ఇంజన్లు రాగా, చివరిదైన ‘అంతిమ్ సితారా’ 1970లో వెలువడింది. మీటరుగేజి మీద వై.పి., వై.జి. తరగతులు ఇదే పాత్ర పోషించాయి. గుంతకల్లు వంటి కూడళ్లు వాటికి నెలవులు.

డబ్ల్యు.జి. ఇంజను తోలుడు చక్రం అడ్డుకొలత 1,562 మి.మీ.; అంటే అది సగటు మనిషి భుజాన్ని దాటుతుంది. 1:87 నమూనాలో అదే చక్రం 18 మి.మీ., రూపాయి నాణెం కంటె చిన్నది. ఆ చిన్న చక్రానికి ఆకులు, ఎదురు బరువు, చుట్టు పట్టీ అన్నీ విడివిడిగా కనిపించినప్పుడే నమూనా సార్థకమైనట్టు. చక్రం తిప్పితే పెద్ద కడ్డీ ముందుకు తోసుకుపోతూ, దాని పైన సన్నని కవాటపు కడ్డీలు ఒకదాని వెనుక ఒకటి ఊగడం చూస్తే, ఎంత పెద్ద పుస్తకమూ చెప్పలేని యంత్ర సూత్రం కంటికి కట్టినట్టు తెలుస్తుంది.

విలువ కట్టడం

సేకరణలో నమూనా విలువను నిర్ణయించేవి పనితనం, కొలతల నిజాయితీ, అరుదుతనం, నడక, ప్రస్తుత స్థితి. అసలు పెట్టె, అందులోని కాగితాలు దక్కి ఉంటే విలువ పెరుగుతుంది. రంగు వేయని నమూనాలో మాటు పని, రివెట్ల వరుస స్పష్టంగా కనిపిస్తాయి గనుక కొందరు దానినే ఇష్టపడతారు. అసలు ఇంజను రూపం కావాలనుకునేవారు రంగు వేసినవాటిని కోరుతారు. రంగు నేర్పుగా పడితే విలువ పెరుగుతుంది; దళసరిగా పడితే రివెట్లు పూడుకుపోయి తగ్గుతుంది. కొలతల నిజానిజాలను తేల్చడానికి మూల చిత్రపటాలు, ఛాయాచిత్రాలు అవసరం. తయారీదారు పేరు ఎంత గొప్పదైనా, ఏ సంవత్సరపు ఇంజనుకు ఏ తీరు టెండరు ఉందో సొంతంగా సరిచూసుకోవడం జాగరూకుడైన సేకర్త లక్షణం.

సంరక్షణ

ఇత్తడికి ప్రధాన శత్రువు తేమ. గాలిలోని తేమ, చేతి చెమటలోని ఉప్పు తగిలిన చోట లోహం నల్లబడి, క్రమంగా ఆకుపచ్చని చిలుము పడుతుంది. కర్మాగారం నుంచి వచ్చే నమూనాల మీద దీనిని నివారించడానికి పారదర్శకమైన లక్క వంటి పూత ఉంటుంది. తెలుగు ఇళ్లలో ఇత్తడి బిందెలు, దీపపు కుందులు చింతపండుతో తోమి మెరిపించడం అలవాటు. నమూనాకు మాత్రం ఆ పని ఎన్నడూ చేయరాదు. చింతపండులోని ఆమ్లం లోహపు పైపొరను తీసివేస్తుంది, ఇరుక్కుపోయిన గుజ్జు మూలల్లో నిలిచి తేమను పట్టి ఉంచుతుంది, రుద్దడం వల్ల రివెట్లు అరిగిపోతాయి. మెత్తని కుంచెతో దుమ్ము దులపడం, పట్టుకునేటప్పుడు నూలు చేతి తొడుగులు వేసుకోవడం చాలు.

పాత పెట్టెలలో నమూనా చుట్టూ ఉంచే స్పాంజి కాలక్రమంలో జిగటగా కరిగి పూతకు అంటుకుపోతుంది. అది కనిపించగానే తీసివేసి, ఆమ్లం లేని పలుచని కాగితంలో చుట్టాలి. ఖమ్మం ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల ఎండకు, ఆ వెంటనే వచ్చే వానాకాలపు తేమకు మధ్య తేడా చాలా ఎక్కువ. గోదావరి అడవుల అంచున ఉన్న ఊళ్లలో వర్షాకాలమంతా గోడలే చెమ్మగిల్లుతాయి. అటువంటి చోట నమూనాలను బయటి గోడకు ఆనించని గాజు బీరువాలో, తేమను పీల్చే సిలికా పొట్లాలతో ఉంచి, ఆ పొట్లాలను అప్పుడప్పుడు మార్చడం మేలు. నడిచే నమూనాలను ఏడాదికి కొన్నిసార్లైనా కొద్దిసేపు నడిపిస్తే ఇరుసులలోని నూనె గడ్డకట్టదు.

ప్రదర్శనశాలలు, ఆధారాలు

న్యూఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియం 1977లో ఆరంభమై అసలు ఇంజన్లతో పాటు నమూనాలనూ చూపుతోంది. పూణేలో 1998 నుంచి నడుస్తున్న జోషీ సూక్ష్మ రైల్వే మ్యూజియం నడిచే నమూనాలకు దేశంలో పేరుపొందింది. కొలతల ఆధారాల కోసం చూస్తే, 1930లో ఏర్పడిన కేంద్ర ప్రమాణాల కార్యాలయం, దాని వారసత్వంగా 1957లో లక్నో కేంద్రంగా రూపొందిన పరిశోధన, డిజైన్, ప్రమాణాల సంస్థ భారతీయ ఇంజన్ల రూపకల్పనతో ముడిపడి ఉన్నాయి. ఇంజన్ల మీద పనిచేసి పదవీ విరమణ పొందిన డ్రైవర్లు, ఫైర్‌మన్లు, షెడ్డు పనివారి జ్ఞాపకాలు కూడా ఆధారాలే. చిత్రపటం చెప్పని మార్పులు, ఒక షెడ్డులో మాత్రమే జరిగిన మరమ్మతులు వారికే తెలుస్తాయి.

సేకరణ ప్రయోజనం

దేశంలో బ్రాడ్‌గేజి మీద ఆవిరి ఇంజను నిత్యసేవ 1995 డిసెంబరు 6తో ముగిసింది. ఖమ్మం ప్రాంతంలోని సత్తుపల్లికి భద్రాచలం రోడ్ నుంచి వేసిన సుమారు 54 కి.మీ. కొత్త రైలు మార్గం 2022లో జాతికి అంకితమైంది. బొగ్గు కోసం వేసిన ఆ మార్గం ఆవిరి యుగం గడిచిన తరువాత పుట్టింది కనుక దాని మీద ఏ ఆవిరి ఇంజనూ నిత్యసేవలో నడవలేదు. దాదాపు ఒక శతాబ్దం పాటు ఈ ప్రాంతపు బొగ్గును కాల్చి, ఈ ప్రాంతపు బొగ్గునే మోసిన యంత్రం ఎలా ఊపిరి పీల్చిందో, ఏ కడ్డీ ఏ చక్రాన్ని తోసిందో ఇక్కడి విద్యార్థికి చూపవలసివస్తే చేతికందే సాధనం కొలత తప్పని నమూనాయే. మైనపు పోత తెలిసిన ఓజాలు, రేకు నగిషీ తెలిసిన పెంబర్తి పనివారు ఉన్న ఈ నేలమీద, డోర్నకల్ దారిన బొగ్గు లాగిన డబ్ల్యు.జి. ఇంజనుకు ఒక నిఖార్సైన ఇత్తడి రూపం తెలుగు చేతుల మీదుగా తయారు కావడానికి కావలసిన నైపుణ్యమంతా ఉంది. కావలసినది కొలతలను సేకరించి పెట్టే శ్రద్ధ, ఆ కొలతలు గుర్తున్నవారు ఉండగానే వారిని అడిగి రాసుకునే తొందర.